గవ్వ నోరు బిగించిన రోజు

ఒకప్పుడు గవ్వ నోరు ఇప్పటిలా సన్నగా ఉండేది కాదు. గరిటెలా వెడల్పుగా, ఎప్పుడూ తెరుచుకునే ఉండేది. మూద్దామన్నా మూతపడేది కాదు.

నోరు మూతపడకపోతే ఏమవుతుంది? మాటలు వస్తూనే ఉంటాయి. గవ్వ పొద్దున్న లేచింది మొదలు మాట్లాడుతూనే ఉండేది. నిద్రపోయాక కూడా కాసేపు మాట్లాడేది.

"ఎండ్రకాయకి కాలు విరిగిందట! కొంగ నిన్న ఒక్క చేపా పట్టలేదట! తాబేలు గుడ్లు ఎక్కడ పెట్టిందో నాకు తెలుసు, చెప్పనా?"

అడిగినవాళ్ళకీ చెప్పేది, అడగనివాళ్ళకీ చెప్పేది. పాపం తాబేలు, ఏటా ఒడ్డుకి వచ్చి దాంతో పోట్లాడి మరీ వెళ్ళేది.

అప్పట్లో గవ్వ కాపురం నీళ్ళలో కాదు, ఒడ్డునే. ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట నూకమ్మ మామ్మ పాక ఉండేది. మామ్మ చేపలు ఎండబెట్టి, ఊళ్ళో అమ్ముకుని బతికేది. ఆ చేపల పందిరి కిందే గవ్వ ఇల్లు.

ఇక సాయంత్రం అయ్యేసరికి ఆ పాక ముందుకి ఎవరెవరు చేరేవారో చెబితే, అలాంటి రోజులు కూడా ఉన్నాయా అంటారు మీరు. ఉన్నాయి. ఇప్పుడు మనం కథల్లో వినేవాళ్ళు, రాతి స్తంభాల మీద చూసేవాళ్ళు అప్పుడు మన మధ్యే తిరిగేవాళ్ళు. మనలాగే ఆకలేస్తే తినేవాళ్ళు, పొద్దుపోకపోతే ఆడుకునేవాళ్ళు.

అందరికంటే ముందు యాళి వచ్చేది. సింహం ఒళ్ళు, ఏనుగు తొండం. కొత్తవాళ్ళు చూస్తే పరుగు లంకించుకునేవారు. కానీ మనసు మహా మెత్తన. దారిలో చీమల బారు కనిపిస్తే చుట్టూ తిరిగి వచ్చేది. దానికి తాటిపండ్లంటే ప్రాణం. తొండం నిండా పచ్చటి పీచు అంటించుకుని వచ్చి, "ఏమే గవ్వా, ఇవాళ ఏం విశేషాలు?" అని అడిగేది. గవ్వని విశేషాలు అడిగే ధైర్యం లోకంలో దానికొక్కదానికే ఉండేది.

తర్వాత గండభేరుండం వాలేది. అది పెద్ద పక్షి. ఒళ్ళు ఒకటే, తలలు రెండు. ఆ రెండు తలలకీ దేనిలోనూ పడేది కాదు.

"అన్నయ్యా, ఏటి మీంచి వచ్చుంటే దగ్గరయ్యేది."

"ఒరేయ్, ఎగిరింది నువ్వా నేనా?"

"రెక్కలు ఇద్దరివీనూ!"

తూర్పున సముద్రం అవతల, చీనా దేశం నుంచి డ్రాగన్ ఈదుకుంటూ వచ్చి ఇక్కడే ఉండిపోయింది. పొడుగాటి పాము ఒళ్ళు, పిల్లి మీసాలు, ముక్కులోంచి పొగ. నవ్వొస్తే నిప్పురవ్వలు రాలేవి. మామ్మ దాన్ని పందిరి దగ్గరికి రానిచ్చేది కాదు. "అక్కడే కూర్చో నాయనా. నా చేపలు ఎండాలి గానీ కాలకూడదు" అనేది.

పడమటి దేశాల నుంచి ఓడెక్కి వచ్చింది ఒంటికొమ్ము గుర్రం. పాలనురగలాంటి ఒళ్ళు, నుదుటి మీద ఒకే ఒక్క కొమ్ము. అందరూ దాన్ని కొమ్ముదొర అనేవారు. దాని మర్యాద చూస్తే నవ్వొచ్చేది. ఇసుకలో కూర్చోవాలన్నా ఇసుకని అడిగి కూర్చునేట్టు ఉండేది.

ఈ నలుగురూ చేరి ఏం చేసేవారనుకున్నారు? యుద్ధాలా? అబ్బే, అష్టాచెమ్మా ఆడేవారు.

పాక ముందు నున్నటి బండ ఉండేది. మామ్మ దాని మీద బొగ్గుతో గళ్ళు గీసేది. యాళికి తాటిటెంక ముక్క కాయ. గండభేరుండానికి ఒక ఈక. డ్రాగన్‌కి బొగ్గుముక్క. కొమ్ముదొరకి తెల్ల గులకరాయి. చీల్చిన చింతపిక్కలు నాలుగు గుప్పిట్లో వేసి, గలగల ఆడించి వదిలేవారు. ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్ళు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ. నాలుగూ నల్లగా పడితే అష్టా, ఎనిమిది గళ్ళు!

ఎంత పడిందో అరిచి చెప్పే పని గవ్వది. ఆ నోటికి తగ్గ పని అదొక్కటే దొరికింది మరి.

"చెమ్మా!" అని అది అరిస్తే ఏటి అవతల కొంగలు లేచిపోయేవి.

ఈ ఆట మీలో చాలామందికి వచ్చు. రానివాళ్ళ కోసం చెబుతాను. నాలుగు పక్కలా నలుగురికీ నాలుగు పుట్టిళ్ళు. కాయ పుట్టింట్లో బయలుదేరి బయటి గళ్ళన్నీ చుట్టాలి. తర్వాత లోపలి గళ్ళు చుట్టాలి. చివరికి నడిమింట్లోకి చేరితే కాయ పండినట్టు. దారిలో నువ్వున్న గడిలోకి ఇంకొకరు వచ్చి పడితే నిన్ను కొట్టినట్టు. నువ్వు మళ్ళీ పుట్టింటికి పోవాల్సిందే.

అన్నింటికంటే గట్టి రూలు ఇంకోటి ఉంది. ఒక్క కాయనైనా కొట్టందే ఎవరూ లోపలి గళ్ళలోకి అడుగు పెట్టకూడదు. ఆ రూలు దగ్గర మామ్మ దేవుడొచ్చి చెప్పినా వినేది కాదు.

"ఎందుకు మామ్మా అంత పట్టుదల?" అని యాళి గునిసేది. దానికి ఎవర్నీ కొట్టబుద్ధి కాదు. అందుకని ఎప్పుడూ ఓడిపోయేది.

"మా అమ్మ ఇలాగే ఆడింది. మా అమ్మమ్మా ఇలాగే ఆడింది. ఆటని నిజంగా ఆడితే ఇల్లు నిజంగా తెరుచుకుంటుందని చెప్పేది మా అమ్మమ్మ. దొంగాట ఆడితే అవి ఉత్త గీతలే."

"ఇల్లు తెరుచుకోవడమేంటి?"

"నాకేం తెలుసు, నేనెళ్ళానా? పందెం వెయ్యి."

కొమ్ముదొర అయితే కాయ కొట్టేముందు తల వంచేది. "క్షమించాలి. తమరి కాయను కొట్టవలసి వస్తోంది."

"కొట్టు దొరా, కొట్టు. క్షమాపణలకే పొద్దుగూకేట్టుంది!" అనేది డ్రాగన్. పకపకా నవ్వేది. నిప్పురవ్వలు పడి చింతపిక్కలు చిటపటమనేవి. మామ్మ చేపల బుట్ట తీసి దాని వీపు మీద ఒకటి వేసేది. పొద్దు వాలేదాకా అదే సందడి. ఆ నవ్వులు ఏటి నీళ్ళ మీద చాలా దూరం వెళ్ళేవి.

ఎంత దూరమంటే, రాజుగారి కోట దాకా.

ఆ దేశపు రాజుకి ఒక పిచ్చి ఉండేది. వింత జంతువుల తలలు తెప్పించి గోడలకి తగిలించుకునేవాడు. అతని వేటనాయకుడి పేరు జగ్గప్ప. వాడికి బాణం కంటే నాలుక పదును.

జగ్గప్ప ఒకరోజు మధ్యాహ్నం చేపలు కొనేవాడిలా వచ్చాడు. మామ్మ ఊళ్ళోకి వెళ్ళింది. పందిరి కింద గవ్వ ఒక్కతే ఉంది.

"ఏటి అవతల నుంచి విన్నాను తల్లీ, చెమ్మా అని అరిచేది నువ్వేనా? ఏం గొంతు, ఏం గొంతు!" అన్నాడు.

గవ్వ పొంగిపోయింది. "నేనే! అష్టా కూడా నేనే అరుస్తాను. వింటావా?"

"వింటాను, వింటాను. ఎవరెవరు ఆడతారేమిటి?"

"కొమ్ముదొర ఆడతాడు. పడమటి నుంచి వచ్చాడు. పొద్దున్నే మొగలిపొదల దగ్గర నీళ్ళు తాగుతాడు. తాగేటప్పుడు కళ్ళు మూసుకుంటాడు, ఎంత ముద్దుగా ఉంటాడో!"

జగ్గప్ప చేపలు కొనకుండానే లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న మొగలిపొదల దగ్గర వల పడింది. కొమ్ముదొర ప్రాణాలతో తప్పించుకుంది గానీ, కొమ్ము మాత్రం విరిగి జగ్గప్ప చేతిలో ఉండిపోయింది.

ఆ సాయంత్రం అది పాక దగ్గరికి వచ్చింది. నుదురు బోసిగా ఉంది.

"సెలవు తీసుకుంటాను. కొమ్ము లేకపోతే నేనూ గుర్రాన్నే. గుర్రాల మందలో కలిసిపోతే ఇక నా కోసం ఎవరూ వెతకరు" అంది.

"దొరా, నేనే చెప్పాను. నేనే!" అని గవ్వ బావురుమంది.

కొమ్ముదొర తల వంచి దాన్ని ముట్టెతో తాకింది. "నువ్వు నా గురించి ముద్దుగా చెప్పావట. వల వేసినవాడే అన్నాడు" అంది. అలా నడుచుకుంటూ ఇసుకమెరక దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఇప్పుడు మీరు చూసే గుర్రాల్లో ఏది దాని మనవడో ఎవరు చెప్పగలరు?

బండ మీద సముద్రం వైపున్న పుట్టిల్లు ఖాళీ అయింది. తెల్ల గులకరాయిని మామ్మ అందులోంచి తియ్యలేదు.

ఆ రోజు నుంచీ గవ్వ మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకుంది. కానీ నోరు మూతపడితేగా? నీళ్ళు పోసినట్టు మాటలు జారిపోతున్నాయి. యాళిని బతిమాలి నోటి నిండా తడి ఇసుక కూరించుకుంది.

"ఊపిరాడుతోందా?" అని యాళి అడిగింది.

"ఊఁ" అంది గవ్వ.

యాళి తొండంతో దాన్ని ఎత్తి తన చెవి వెనక పెట్టుకుంది. ఆ రోజంతా అక్కడే తిప్పింది. ఒక్క మాటా లేకుండా తిరిగారు ఇద్దరూ. సాయంత్రానికి యాళికే తోచలేదు. "చెవి బోసిగా ఉందే" అంది.

కానీ ఆ ఇసుక ఎంతసేపు ఉంటుంది? జగ్గప్ప మళ్ళీ వచ్చాడు.

"అయ్యయ్యో, నోట్లో ఇసుక పడిందా బంగారూ!" అంటూ కండువా కొసతో ఇసుకంతా తుడిచాడు. ఎక్కడా లేని జాలి నటించాడు. "పాపం, మిగిలినవాళ్ళు నిన్ను పట్టించుకోవడం లేదా?"

"ఎందుకు పట్టించుకోరు? యాళి నన్ను చెవి వెనక పెట్టుకుని తిప్పుతుంది! డ్రాగన్ బావ నాకు చలేస్తే పొగ వదులుతాడు! గండభేరుండం..."

అంతే. మాటలన్నీ వచ్చేశాయి. ఎవరు ఎక్కడ పడుకుంటారో, ఏ దారిన వస్తారో అన్నీ. జగ్గప్ప నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. గవ్వ ఏడుస్తూ కూర్చుంది. ఏడుపు కూడా పైకే ఏడ్చింది, ఏం చేస్తుంది!

మామ్మ వచ్చేసరికి సంగతంతా తెలిసింది. అందరూ బండ చుట్టూ చేరారు.

"పారిపోదాం" అంది గండభేరుండం పెద్ద తల.

"ఎక్కడికి? కొమ్ముదొర పడమటి నుంచి పారిపోయి వచ్చింది ఇక్కడికే కదా" అంది చిన్న తల.

"మా దేశంలోనూ ఇలాంటి రాజే ఉన్నాడు" అంది డ్రాగన్. "వాడికి నా చర్మం కావాలి."

మామ్మ బండ మీది గళ్ళని చూసింది. తర్వాత మెల్లగా అంది. "పండిన కాయని ఎవరూ కొట్టలేరు."

"అంటే?" అంది యాళి.

"నడిమింట్లోకి చేరిన కాయ జోలికి ఇక ఎవరూ పోలేరు. ఎంత మొనగాడైనా సరే. రేపు పొద్దున్నే ఇసుక మీద పెద్ద గళ్ళు గీస్తాను. కాయలొద్దు. మీరే నిలబడి ఆడండి. ఒక్క రూలూ తప్పకుండా ఆడండి. మా అమ్మమ్మ మాట నిజమైతే ఆ ఇల్లు తెరుచుకుంటుంది."

"నిజం కాకపోతే?"

"వేరే దారి ఉంటే చెప్పు నాయనా, అలాగే చేద్దాం."



తెల్లారింది. ఆటుకి సముద్రం వెనక్కి తగ్గి ఉంది. మామ్మ పడవ తెడ్డు పట్టుకుని తడి ఇసుక మీద గళ్ళు గీసింది. ఒక్కో గడి యాళి పడుకునేంత ఉంది. సముద్రం వైపు పుట్టిల్లు ఖాళీగా ఉండిపోయింది. మిగిలిన మూడింట్లో ముగ్గురూ నిలబడ్డారు. గవ్వ మామ్మ బుట్ట అంచు మీద కూర్చుంది.

అప్పుడే దూరంగా, సరుగుడు తోట అవతల డప్పులు మోగాయి. జగ్గప్ప మనుషులు తోటని చుట్టుముడుతున్నారు.

"కానివ్వండి, మళ్ళీ పోటు వచ్చి గళ్ళు చెరిపేస్తుంది" అంది మామ్మ.

గండభేరుండం చింతపిక్కలు ముక్కున పట్టుకుంది. ఏ ముక్కున అన్న దాని మీద ఒక చిన్న గొడవ అయ్యాకే పట్టుకుంది. పందెం పడింది.

"అష్టా!" అని గవ్వ అరిచింది. అలా ఒకటికి రెండు పందేలు కలిసొచ్చి, గండభేరుండం నేరుగా యాళి ఉన్న గడిలో వచ్చి పడింది.

"ఏమీ అనుకోకు యాళీ!" రెండు తలలూ ఒకేసారి ఒకే మాట అన్నాయి. పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

యాళి నవ్వుకుంటూ తన పుట్టింటికి వెనక్కి వెళ్ళింది. గండభేరుండం లోపలి గళ్ళు చుట్టి నడిమింటి ముందు ఆగింది. ఒక్కటి పడితే చాలు. పడింది. అది నడిమింట్లో కాలు పెట్టగానే ముందు రెక్కలు మసకబారాయి, తర్వాత ఒక తల, తర్వాత ఇంకో తల.

"నేను ముందు!"

"కాదు, నేను ముందు!"

ఆ మాటలు కూడా ఆగిపోయాయి. ఒక్క ఈక గాలిలో కాసేపు తిరిగి, అదీ కనిపించకుండా పోయింది.

"తెరుచుకుంది!" అంది మామ్మ. "మా అమ్మమ్మ అబద్ధం ఆడలేదు."

డప్పులు తోటలోకి వచ్చేశాయి. ఇంకా ఇద్దరున్నారు, డ్రాగన్, యాళి. డ్రాగన్ బయటి గళ్ళన్నీ చుట్టేసింది గానీ ఎవర్నీ కొట్టలేదు. లోపలికి పోలేక అక్కడే ఆగిపోయింది. భయానికి దాని పొగ కూడా సన్నబడింది. యాళి దానికి రెండు గళ్ళ వెనకాల ఉంది.

యాళి పందెం వేసింది.

"రెండు!" అని అరిచి, గవ్వ ఎగిరి గంతేసింది. "యాళన్నా, బావని కొట్టు! కొట్టి లోపలికి పో!"

యాళి డ్రాగన్ వంక చూసింది. కొడితే అది మళ్ళీ మొదటి నుంచీ రావాలి. డప్పులు వినిపిస్తున్నాయి. డ్రాగన్ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"మామ్మా, పందెం వదులుకోవచ్చా?" అంది యాళి.

"వదులుకోవచ్చు. పోయిన పందెం మళ్ళీ రాదు మరి."

"వదులుకున్నాను."

"యాళన్నా, నీకేమైనా పిచ్చా!" అని గవ్వ అరిచింది.

తర్వాతి పందెంలో యాళికి మూడు పడితే, డ్రాగన్‌ని దాటి కావాలనే దాని ముందు గడిలోకి వెళ్ళి నిలబడింది. డ్రాగన్‌కి సరిగ్గా ఒకటి పడింది. యాళిని కొట్టింది, లోపలి గళ్ళు చుట్టింది. నడిమింట్లో కాలు పెడుతూ వెనక్కి తిరిగి, "బావా, ఈ రుణం..." అనబోయి నవ్వింది. నిప్పురవ్వలు రాలాయి. నవ్వు వెళ్ళిపోయింది. గుండ్రటి పొగ ఒకటి మిగిలి, పైకి తేలి కరిగిపోయింది.

ఇప్పుడు గళ్ళలో యాళి ఒక్కటే ఉంది. తన పుట్టింట్లో, మొదట నిలబడిన చోటే.

మామ్మ ఇసుకలో కూలబడింది. "ఇక నువ్వెవర్ని కొడతావురా? ఎవరున్నారు?"

"రూలు మార్చెయ్ మామ్మా!" అంది గవ్వ.

"మారిస్తే అది ఆట కాదు తల్లీ. ఉత్త గీతలు. వాడు వాటి మీద ఎంత తిరిగినా ఇల్లు తెరుచుకోదు."

యాళి తొండం ఇసుక మీద ఆనించి పడుకుంది. "పోనీలే మామ్మా. వాళ్ళిద్దరూ చేరారు కదా" అంది.

గవ్వ సముద్రం వైపు ఖాళీగా ఉన్న పుట్టింటిని చూసింది. కొమ్ముదొర ఇల్లు. బుట్ట అంచు మీంచి దూకి, దొర్లుకుంటూ వెళ్ళి అందులో కూర్చుంది.

"ఇక్కడో కాయ ఉంది. నేనూ ఆడతాను" అంది.

మామ్మ లేచి నిలబడింది. "గవ్వా, తెలిసే దిగావా? ఆ పుట్టిల్లు నీళ్ళలోకి ఉంది. వాడు నిన్ను కొడితే నువ్వు పోయేది సముద్రంలోకే. ఒడ్డుకి రాలేవు. పైగా, నువ్వు లోపలికి పోవాలంటే..."

మామ్మ ఆగిపోయింది. గవ్వ ఆమె వంకే చూస్తోంది. చెప్పొద్దని చూస్తోంది.

యాళి తల ఎత్తింది. దానికి ఒంట్లో ఉన్న బలమంత బుర్ర లేదు గానీ, ఏదో అనుమానం వచ్చింది. "నేను వెళ్ళిపోయాక నువ్వెలా వస్తావే గవ్వా?"

పిల్లలూ, గవ్వకి ఆ జవాబు తెలుసు. యాళి వెళ్ళిపోతే కొట్టడానికి ఇక ఎవరూ మిగలరు. గవ్వకి ఏనాటికీ నడిమింట్లోకి పోయే దారి ఉండదు. ఆ మాట నోటి దాకా వచ్చింది. బయటికి వస్తే యాళి ఒక్క అడుగు కూడా కదలదని గవ్వకి తెలుసు.

పుట్టిన నాటి నుంచీ ఏ మాటనీ ఆపుకోని గవ్వ, ఆ ఒక్క మాటని ఆపుకోవాలనుకుంది. మూతపడని నోటిని మూయడానికి తన బలమంతా పెట్టింది. ఒక పెదవి ఇటు వంగింది, ఇంకో పెదవి అటు వంగింది. రెండూ ఒకదాన్నొకటి బిగించి పట్టుకున్నాయి. బిగించిన చోటల్లా నొక్కులు పడ్డాయి, పళ్ళలాగా.

"వస్తావుగా?" అని యాళి మళ్ళీ అడిగింది.

గవ్వ పళ్ళ సందుల్లోంచి "ఊఁ" అంది.

ఇసుక నోట్లో పెట్టుకున్న రోజూ అది అలాగే అంది. యాళి నమ్మింది.

గవ్వ తరఫున మామ్మ పందెం వేసింది. పడినన్ని గళ్ళు గవ్వ ముందుకి దొర్లింది, యాళికి అందేంత దూరం. యాళి చింతపిక్కలు తొండంతో ఎత్తి వేసింది. మూడు తెల్లగా పడ్డాయి. దాని చెవులు నిక్కపొడుచుకున్నాయి, ఎవరో అరుస్తారని. ఎవరూ అరవలేదు.

"మూడు" అంది మామ్మ చిన్న గొంతుతో.

యాళి మూడు గళ్ళు నడిచింది. గవ్వ ఉన్న గడిలో మెల్లగా, ఎక్కడ తగులుతుందోనని కాలు పెట్టింది. అంతలో ఒక అల వచ్చింది. గవ్వని కొమ్ముదొర ఇంటి మీదుగా తీసుకుపోయి సముద్రంలో కలిపేసింది.

"తొందరగా వచ్చేయ్!" అని యాళి అలకి చెప్పింది.

డప్పులు ఇసుకమెరక ఎక్కాయి. యాళి బయటి గళ్ళు ముగించింది. లోపలి గళ్ళు చుట్టింది. ప్రతి పందేనికీ మామ్మే లెక్క చెప్పింది. నడిమింటి ముందుకి వచ్చి ఆగి, యాళి సముద్రం వైపు చూసింది.

"కాసేపు ఆగుతాను మామ్మా. అది రానీ."

"పోరా నాన్నా. నువ్వు పోతేనే అది చేసిందానికి అర్థం" అంది మామ్మ. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి యాళికి అప్పుడు అర్థమయింది. తొండం పైకెత్తి ఒక్కసారి ఘీంకరించింది. ఆ ఘీంకారం నీళ్ళ అడుగు దాకా వెళ్ళింది. తర్వాత చివరి పందెం వేసింది. నడిమింట్లో కాలు పెట్టింది.

వెనకాలే పెద్ద అల వచ్చి గళ్ళన్నీ తుడిచేసింది.

జగ్గప్ప రొప్పుతూ వచ్చాడు. "ఏరీ? ఎటు పోయారు?"

"ఎవరు నాయనా? నాకు కళ్ళు సరిగ్గా ఆనవు" అంది మామ్మ, చేపలు తిరగేస్తూ.

జగ్గప్ప ఒడ్డంతా వెతికాడు. మోకాలి లోతు నీళ్ళలో గవ్వ కనిపించింది. వాడి ముఖం వెలిగిపోయింది. "ఇదిగో నా బంగారం! నీ గొంతు వినక నిన్నటి నుంచీ తోచడం లేదు! చెప్పు తల్లీ, ఎటు వెళ్ళారు?"

గవ్వ మాట్లాడలేదు.

పొగిడాడు. జాలిపడ్డాడు. కండువాతో తుడిచాడు. తర్వాత కోపంతో పెదవుల మధ్య కత్తిమొన పెట్టి తిప్పాడు. మొన విరిగింది గానీ నోరు విడలేదు. "ఛీ, ఉత్త పెంకు!" అని సముద్రంలోకి దూరంగా విసిరేశాడు. దాంతో గవ్వకి నీళ్ళే కాపురం అయ్యాయి.

ఆ సాయంత్రం మామ్మ ఒక్కతే బండ దగ్గర కూర్చుంది. చింతపిక్కలు ఆడించబోయి పక్కన పెట్టేసింది. అల ఒడ్డుకి తెచ్చిన గవ్వపెంకులు నాలుగు ఏరి తెచ్చుకుంది. అవి గుప్పిట్లో గలగలమంటే ఆమెకి కొంచెం సందడి వినిపించినట్టయింది. నాలుగూ వెల్లకిలా పడ్డాయి. గవ్వ అరవలేదు కాబట్టి మామ్మే అరిచింది, "చెమ్మా!" అని. మనం ఇప్పుడు గవ్వలు వేసి అరిచేది అందుకే.

నడిమింట్లోకి వెళ్ళినవాళ్ళని మళ్ళీ ఎవరూ పట్టుకోలేదు. ఆటలోకి వెళ్ళినవాళ్ళు ఆటలోనే ఉన్నారు. ఏ దేశంలోనైనా సరే, పిల్లలు బల్ల చుట్టూ చేరి, గళ్ళు పరిచి, పాచికలు దొర్లించి, "ఇప్పుడు డ్రాగన్ వచ్చింది!" అని ఒకరికొకరు చెప్పుకుంటే అది వస్తుంది. ఒంటికొమ్ము గుర్రానికి కూడా అక్కడ కొమ్ము మళ్ళీ మొలుస్తుంది. ఆట ముగిసి దీపం తగ్గించగానే వెళ్ళిపోతాయి. యాళి వచ్చినప్పుడు మాత్రం ముందుగా సముద్రం ఎటువైపు ఉందో చూసుకుంటుందట.

మీరు ఈసారి గవ్వ దొరికితే వెల్లకిలా తిప్పి చూడండి. ఏదో చెప్పబోయి, గభాలున ఆపేసుకున్నట్టు ఉంటుంది.

అప్పటినుంచే గవ్వ నోరు సన్నటి గీతలా మూసుకుపోయింది. లోపల దాచుకున్న మాట జారిపోకుండా, ఈనాటికీ పళ్ళు బిగించుకునే ఉంది.